రెండో గేటు

ఆటల పార్కులో గంటన్నర నిలబెట్టి, రెండు నిమిషాలు గిర్రున తిప్పి దింపేసే ఆటకి మనిషికి వెయ్యి రూపాయల పైన పుచ్చుకుంటున్నారంటే, తప్పు పుచ్చుకునేవాడిది కాదండి, నిలబడేవాడిది. ఈ మాటంటే మా మనవడికి కోపం. "మీ రోజుల్లో అసలు రైడ్లే లేవు కదా తాతయ్యా, నువ్వెక్కడ నిలబడ్డావు?" అంటాడు. వాడు పుట్టి పెరిగింది హైదరాబాదు. సంక్రాంతికి అమలాపురం వస్తాడు, ముక్కనుమ దాటకుండా వెళ్ళిపోతాడు. వాడి లెక్కలో నిలబడడమంటే ఇనపగొట్టాల మధ్య మెలికలు తిరుగుతూ, నెత్తిన పంకా, ఎదురుగా టీవీ పెట్టించుకుని నిలబడడం. ఆ లెక్కన నేను నిలబడలేదు, నిజమే. కూర్చున్నాను, పడుకున్నాను, చలికాలం రాత్రి రేవులో గోనెపట్టా కప్పుకుని తెల్లవార్చాను కూడా.

హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. బారు కనపడితే తలకాయలు లెక్కపెట్టడం నాకు జబ్బు. ఆ జబ్బు అంటించింది బడి కాదు, రేవు.

కోనసీమ పటం చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒకవైపు గౌతమి, ఒకవైపు వసిష్ఠ, మధ్యలో చీల్చుకుంటూ వైనతేయ, దక్షిణాన సముద్రం. మా రోజుల్లో కాకినాడలో కలెక్టరాఫీసు పనుంటే ఎదుర్లంక రేవో ముక్తేశ్వరం రేవో దాటాల్సి వచ్చేది. నరసాపురం వెళ్ళి రైలెక్కాలంటే సఖినేటిపల్లి రేవు. అమలాపురం నుంచి రాజోలు వైపు దగ్గరదారిన పోవాలంటే బోడసకుర్రు రేవు. పెళ్ళివారైనా, పురుటి మనిషైనా, చావు కబురైనా రేవు దగ్గర ఆగాల్సి వచ్చేది. రైలు సంగతి చూడండి. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ ఆ బండి కూత వేసింది 2004లో. కోటిపల్లి దాటి నరసాపురం దాకా వేస్తామన్న లైను మాట ఇంకా నడుస్తూనే ఉంది. ఒక రైలు కోసం అరవై ఏళ్ళ పైచిలుకు ఎదురుచూసిన జనానికి గంటన్నర ఓ లెక్కా?

రేవులో ఎదురుచూడడం ఎలా ఉండేదో ఈ కాలం పిల్లలకి చెప్పాలి. రెండు పెద్ద నావలు పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే అది పంటు. లాంచీ పక్కన తగిలించుకుని లాక్కుపోయేది. ఒక బస్సు, ఒకటో రెండో కార్లు, ఓ డజను సైకిళ్ళు, పాలబిందెలు, కొబ్బరికాయల బస్తాలు, అరటిగెలలు, మేకలు, మిగిలిన సందుల్లో మనుషులు. రేవు పాట పాడుకున్న కాంట్రాక్టరు మనిషి ఒడ్డున తాటాకు పాకలో కూర్చుని చీటీలు చింపేవాడు. మనం చెయ్యాల్సిందల్లా ముందున్న బళ్ళు లెక్కపెట్టుకోవడం. మన ముందు రెండు బస్సులుంటే మూడో పంటు మనది. పంటు అవతలికి వెళ్ళి, దింపి, ఎక్కించుకుని వచ్చేసరికి ముప్పావుగంట. అంటే గంటన్నర. అంతే లెక్క. ఆ గంటన్నరా మనది. వెళ్ళి గోలీసోడా తాగొచ్చు, ముంతకింద పప్పు తినొచ్చు, చెట్టుకింద కునుకు తియ్యొచ్చు. బస్సు వరసలో ఉంటే మన స్థానం వరసలో ఉన్నట్టే. మనిషి నిలబడక్కర్లేదు. మా పెద్దక్క సంబంధం మాట మొదలైంది సఖినేటిపల్లి రేవులోనే. మా నాన్నగారూ, ఆ పెళ్ళికొడుకు మేనమామా పాటు తీసి పంటు ఆగిపోతే పొద్దుపోక మాట్లాడుకున్నారు. పోటు ఎక్కేలోపు గోత్రాలు కలిశాయి.

పాటు అన్నాను కదా, దానికి మాత్రం లెక్క లేదు. నది సముద్రానికి దగ్గర కాబట్టి రోజూ పోటూ పాటూ ఉంటాయి. పాటు తీసిన వేళ పంటు ఇసక మేట మీద కూర్చుందంటే కళాసీలు గెడలు పట్టుకుని దిగి, నడుంలోతు నీళ్ళలో భుజం పెట్టి తోసినా కదిలేది కాదు. సరంగు బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. ఎవరైనా కేకలేస్తే, "పోటొస్తే అదే లేస్తదండి" అనేవాడు. ఎవరి మీద కోప్పడతాం, చంద్రుడి మీదా?

కలెక్టరు జీపు వస్తే పంటు ఆగేది. అదీ చెప్పాలి, లేకపోతే ముసలాడు పాత రోజులకి సున్నం కొట్టి చూపిస్తున్నాడంటారు. జీపు ముందెక్కేది, మా బస్సు వెనక్కి జరిగేది. కానీ అది ఎప్పుడో ఒకసారి. పైగా కళ్ళెదుట జరిగేది. ఆ జీపులో మనిషిని మేం చూసేవాళ్ళం, మమ్మల్ని ఆయన చూసేవాడు. కొందరు ఆఫీసర్లు సిగ్గుపడి, దిగి సోడా తాగుతూ మాలో కలిసేవారు.

ఇక ఆటల సంగతి. మా రోజుల్లో రైడ్లే లేవంటాడు మనవడు. అంతర్వేది తీర్థం ఏమైంది మరి? మాఘశుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి రథం. నరసాపురం వైపు నుంచి జనం పంటుల మీద, పడవల మీద దిగేవారు. ఇసకలో బెల్లం జీళ్ళు, ఖర్జూరం గుట్టలు, గాజులు, చెక్కబొమ్మలు, బూరలు. వాటి వెనకాల రంగులరాట్నం. కరెంటూ లేదు, మోటారూ లేదు. నాలుగు చెక్కపెట్టెలు, రెండు గుంజలు, మధ్యన ఇరుసు. ఇద్దరు మనుషులు గుంజల మీదికి ఎక్కి, కాలితో పెట్టెని కిందికి తొక్కి, వేలాడి, దూకి, మళ్ళీ ఎక్కి తిప్పేవారు. పది పైసలు.

ఆ రాట్నం దగ్గర ఎదురుచూపు వేరు. ఇప్పటి పిల్లలు జనం ఎక్కువై ఆగుతున్నారు. మేం జనం చాలక ఆగేవాళ్ళం. నాలుగు పెట్టెలూ నిండితే గాని తిప్పడు. ముందెక్కినవాళ్ళని పైకి లేపి, ఆపి, కింద పెట్టెలోకి మనుషుల్ని కేకేసి పిలిచేవాడు. "రండి బాబూ, ఇంకొక్కళ్ళు, ఇంకొక్కళ్ళే!" ఆ ఇంకొక్కళ్ళు దొరికేలోపు మేం పైన గాలిలో ఊగుతూ ఉండేవాళ్ళం. అక్కణ్ణించి గుడి గోపురం, దీపస్తంభం, గోదావరి సముద్రంలో కలిసే చోట నీళ్ళ రంగు మారడం అన్నీ కనపడేవి. వాడు తిప్పింది రెండు నిమిషాలు, పైన ఆపింది పావుగంట. డబ్బులు దేనికి ఇచ్చామంటే నేను పైన ఆపినందుకే అంటాను. దిగాక మా తమ్ముడు ఏడ్చేవాడు, తిప్పుడు చాల్లేదని కాదు, వాణ్ణి కింద పెట్టెలో కూర్చోబెట్టారని.

జట్కా అంతే, పడవ అంతే, ప్రైవేటు బస్సూ అంతే. నిండేదాకా కదలదు. అందుకే రోడ్డు మీద ఇంకో మనిషి వస్తున్నాడంటే మాకు ఆనందం. "రావయ్యా, తొందరగా రా" అని మేమే పిలిచేవాళ్ళం. ఇప్పుడు పార్కులో ఇంకో మనిషి వెనకాల వచ్చి నిలబడితే మొహం చిట్లిస్తారు, ముందొచ్చి నిలబడితే కొట్టుకుంటారు.

అన్నీ ఇలా తీరుబడిగా ఉండేవని కాదండోయ్. సినిమా టిక్కెట్టు దగ్గర మేం మనుషులం కాదు. 1977లో 'అడవిరాముడు' ఆడుతున్నప్పుడు నేల టిక్కెట్టు కన్నం ముందు జరిగింది యుద్ధం. గోడకి పిడికెడు కన్నం. అందులో ఒక చెయ్యి పడుతుంది, మూడు చేతులు దూరేవి. లోపల గుమాస్తా ఏ చేతిలో చిల్లర పెట్టాడో, ఏ చేతికి టిక్కెట్టిచ్చాడో దేవుడికే తెలియాలి. చెయ్యి బయటికి లాగేసరికి మణికట్టు దగ్గర తోలు ఊడొచ్చేది. బలిసినవాళ్ళు జనం భుజాల మీద పాక్కుంటూ వెళ్ళి కన్నంలో చెయ్యి పెట్టేవారు. ఆడవాళ్ళ లైను వేరు, అక్కడ కాస్త మర్యాద. అందుకని మా వీధి కుర్రాళ్ళంతా పక్కింటి పిన్నిగారిని బతిమాలుకునేవారు. "మీ రోజుల్లో క్రమశిక్షణ" అని నా వయసువాళ్ళు ఎవరైనా ఉపన్యాసం మొదలెడితే ముందు వాళ్ళ మణికట్టు చూపించమనండి.

హైదరాబాదులో పార్కుకి తీసుకెళ్ళింది మా కోడలు. "మామయ్యగారండీ, మీరు కింద కూర్చుందురు గాని, రండి" అంది. కింద కూర్చోడానికి బల్లలున్నాయి, నిజమే, కానీ లైను బయట. లోపల పిల్లాడి పక్కన పెద్దవాళ్ళొకరు ఉండాలి కదా అని నేనే దూరాను. లైను మొదట్లో బోర్డు: ఇక్కణ్ణించి నలభై నిమిషాలు. సరే, నా జబ్బు మొదలైంది. తలలు లెక్కపెట్టాను. రమారమి రెండొందలు. బండి కేసి చూశాను. ఇరవై మంది పడతారు. ఎక్కించి, భుజాల మీద కడ్డీలు దించి, కుర్రాడొకడు ఒక్కో కడ్డీనీ లాగి చూసి, బొటనవేలు పైకెత్తి, తిప్పి, దింపేసరికి నాలుగు నిమిషాలు. గంటకి పదిహేను బళ్ళు, మూడొందల మంది. రెండొందలకి నలభై నిమిషాలు. బోర్డు అబద్ధం చెప్పలేదు. నాకు ముచ్చటేసింది కూడా. బోడసకుర్రు రేవులో కాంట్రాక్టరు మనిషి ఇలాంటి బోర్డు పెట్టుంటే ఎంత బావుండేదనుకున్నాను.

అరగంటయ్యాక చూస్తే మేం సగం దూరం కూడా రాలేదు. లెక్క ఎక్కడ తప్పిందా అని చూస్తే అప్పుడు కనపడింది రెండో గేటు. అవతల పక్కన, పూలకుండీల చాటున. చేతికి వేరే రంగు పట్టీ కట్టుకున్నవాళ్ళు అటునుంచి వచ్చి నేరుగా బండి ఎక్కేస్తున్నారు. ఇరవై సీట్లలో పది వాళ్ళవి. గంటకి మూడొందలు కాస్తా మాకు నూటయాభై అయింది, నలభై నిమిషాలు ఎనభై అయ్యాయి. "ఆ పట్టీ ఏమిట్రా?" అన్నాను. "ఎక్కువ డబ్బులు కడితే ఇస్తారు తాతయ్యా, మనం కూడా కొందామా?" అన్నాడు. నాకు ముందున్న ఒకాయన, కడప మనిషట, చంటిదాన్ని భుజానేసుకుని ఉన్నాడు. "అందరూ కొంటే ఏమైతాదబ్బా?" అని నన్నడిగాడు. ఇంత మంచి లెక్క నేను పదో తరగతి పేపర్లో కూడా ఇవ్వలేదు. అందరూ కొంటే రెండో గేటే మొదటి గేటు అవుతుంది, అప్పుడు మూడోది పెడతారు.

నా ఫిర్యాదు ఎనభై నిమిషాల మీద కాదు. రేవులో అంతకి నాలుగింతలు ఆగినవాణ్ణి. నా ముందు ఎంతమందున్నారో నాకు కనపడాలి, కదులుతున్నట్టు కనపడాలి, వెనకొచ్చినవాడు నాకన్నా ముందు పోకూడదు. ఈ మూడూ ఉంటే తెలుగువాడు సాయంత్రం దాకా నిలబడతాడు. మూడోది తీసేస్తే మొదటి రెండూ పనికిరావు. ఎందుకంటే ఆ గేటులోంచి ఎంతమంది వస్తారో ఎవడికీ తెలీదు. పాటు తీసినప్పుడు చంద్రుణ్ణి నమ్ముకున్నాం, ఇక్కడ ఎవర్ని నమ్ముకోవాలి?

దీని మీద అమెరికావాళ్ళు చదువులే చదివారు. డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లో వరసల్లో మనిషి మనసు గురించి ఒక వ్యాసం రాశాడు. ఖాళీగా ఉన్న కాలం ఎక్కువనిపిస్తుందని, ఎంతసేపో తెలియని ఎదురుచూపు బరువని, అన్యాయం జరిగితే ఇంకా బరువని ఆయన చెప్పిన సారాంశం. ముంతకింద పప్పు అమ్మేవాడు రేవులో ఎందుకు తిరిగేవాడో ఈ వ్యాసం చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది. హ్యూస్టన్ విమానాశ్రయం కథ ఇంకా బావుంటుంది. పెట్టెల కోసం చాలాసేపు నిలబడాల్సి వస్తోందని ప్రయాణికులు గోల పెడితే, విమానం దిగే చోటు నుంచి పెట్టెలొచ్చే చోటుని దూరం చేశారట. నిలబడే కాలాన్ని నడిచే కాలం చేశారు. గోల తగ్గింది! ఇదే పని మన ఆర్టీసీ కాంప్లెక్సులో చేస్తే కాళ్ళు విరగ్గొడతారు.

డిస్నీవాళ్ళు కాలిఫోర్నియాలో మొదటి పార్కు తెరిచింది 1955 జులైలో. మొదటిరోజే దొంగ టిక్కెట్లతో జనం పోటెత్తారట. అడవిరాముడు జనమే అక్కడా. 1999లో వాళ్ళు ఒక చీటీ పద్ధతి పెట్టారు. చీటీ తీసుకుని వెళ్ళి తిరుగు, నీ వేళకి రా, అని. అది ఉచితం, అందరికీ ఒకటే. మా రేవులో బస్సు వరసలో పెట్టి సోడాకి పోవడం లాంటిదే. నాకు నచ్చిన పద్ధతి. ఎంత నచ్చినా ఏం లాభం, 2021 నుంచి దాన్ని తీసేసి డబ్బులకి అమ్ముతున్నారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు లైట్నింగ్ లేన్. 2019 జూన్‌లో ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ళు హ్యారీ పోటర్ కథలో హ్యాగ్రిడ్ పేరుతో కొత్త బండి మొదలెడితే మొదటిరోజు లైను పది గంటలకి చేరింది. పది గంటలు! అంతసేపట్లో ఇక్కడ నరసాపురం రేవు దాటి, రైలెక్కి, మద్రాసు దారిలో సగం పైన పోయేవాళ్ళం. టెక్సాస్‌లో ఉన్న మా పెద్దవాణ్ణి అడిగాను, "నువ్వు నిలబడతావురా అంతసేపు?" అని. "పిల్లలడిగితే నిలబడాలి కదా నాన్నా" అన్నాడు. వీడు చిన్నప్పుడు రేషను కొట్టుకి కిరసనాయిలు కోసం పంపిస్తే పది నిమిషాలకి డబ్బా వరసలో వదిలేసి ఇంటికొచ్చేసేవాడు.

ఈ లైట్నింగ్ సంగతి గడియార స్తంభం దగ్గర టీ కొట్టులో ఎత్తితే నా స్నేహితుడొకడు నవ్వాడు. వాడు టెలిఫోన్ల డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైనవాడు. "మాస్టారూ, తిట్టకండి. ఆ పేరు మనదే. ట్రంకు కాలు మర్చిపోయారా?" అన్నాడు. మర్చిపోవడమా? హైదరాబాదుకి కాలు బుక్ చేస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోను పక్కన పడిగాపులు. మామూలు కాలు, దాని మీద అర్జంటు, దాని మీద లైట్నింగు. లైట్నింగుకి ఎనిమిది రెట్లు డబ్బు. ఎనిమిది రెట్లు కట్టినవాడు రాగానే మామూలు కాలువాడు వెనక్కి. "మీ రెండో గేటు మా బోర్డు మీద ఎప్పట్నుంచో ఉంది" అన్నాడు. ఇంకా చెప్పాడు. 1909లోనే డెన్మార్కులో ఎర్లాంగ్ అనే ఆయన టెలిఫోను ఎక్స్ఛేంజీకి కాల్స్ ఎలా వచ్చిపడతాయో లెక్క కట్టాడని, వరసల లెక్కంతా అక్కణ్ణించే పుట్టిందని.

వాడన్నది నిజమే. కానీ లైట్నింగు కాలు ఎవరు చేసేవారో కూడా చెప్పాలి. ఇంట్లో పెద్దాయన పోతే చేసేవారు. ఆపరేషన్ అంటే చేసేవారు. ఎనిమిది రెట్లు ఊరికే పెట్టే దమ్ము మా అమలాపురంలో కొబ్బరి షావుకార్లకి కూడా లేదు. పక్కవాడు లైట్నింగు బుక్ చేశాడని తెలిస్తే మేం విసుక్కోలేదు, "ఎవరికండి, ఎలా ఉంది?" అని కంగారుపడ్డాం. తలకిందులుగా వేలాడి కేకలు పెట్టడానికి ఎనిమిది రెట్లేమిటండీ?

దేవుడి దగ్గర లైన్ల గురించి ఎక్కువ మాట్లాడితే మా ఆవిడ ఊరుకోదు, అందుకని పొడిగా చెప్తాను. తిరుమలలో కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి కూర్చుని, పాలిస్తే తాగి, గోవిందనామాలు చెప్పుకుని, స్వామి ముందు నిలబడేది క్షణాలు. ఆ క్షణాల కోసం మళ్ళీ వెళ్తాం. 300 రూపాయల గేటుంది, శ్రీవాణి ట్రస్టుకి 10,000 ఇచ్చినవాళ్ళకి ఇంకో గేటుంది. మన పక్కనే వాడపల్లి చూడండి. ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేస్తామని మొక్కుకున్నవాళ్ళతో ఆత్రేయపురం దారి శనివారం వస్తే నిండిపోతోంది. మా చిన్నతనంలో ఆ గుళ్ళో పూజారిగారు మనల్ని పేరు పెట్టి పిలిచేవారు. ఇప్పుడు జనం తెల్లవారుజామున వచ్చి మధ్యాహ్నానికి బయటపడుతున్నారు, విసుగు లేకుండా. మొక్కుబడికి మనిషి ఎంతసేపైనా నిలబడతాడు. పార్కువాళ్ళు ఆ ఓపికని చూసే ధర కట్టారని నా అనుమానం.

రెండో గేటు లేని చోటు ఇంకా ఒకటుంది, మా కోనసీమలోనే. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. మొసలపల్లి దగ్గర కొబ్బరితోటలోకి పదకొండు ఊళ్ళ నుంచి పదకొండుమంది రుద్రులు ప్రభలెక్కి వస్తారు. నాలుగు వందల ఏళ్ళ నాటిదని చెప్పుకుంటారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ ప్రభలే ఊరేగాయి. రోడ్డుంది కదా అని రోడ్డున రారు. పచ్చటి చేలల్లోంచి, గంగలకుర్రువాళ్ళయితే కౌశిక కాలవలో దిగి నీళ్ళలోంచి, ప్రభని భుజాల మీద మోసుకొస్తారు. "అశ్శరభ శ్శరభ" అని అరుస్తూ పీకల్లోతు నీళ్ళలో కుర్రాళ్ళు ఆ ఎత్తైన ప్రభని ఒరగకుండా ఆవలికి చేరుస్తుంటే ఒడ్డున జనం ఊపిరి బిగపట్టి చూస్తారు. అక్కడా ఎదురుచూపే. మిగతావన్నీ వచ్చి నిలబడ్డాక కూడా వ్యాఘ్రేశ్వరుడి కోసం ఆగుతారు. ఆయన అధ్యక్షుడు. ఆయన ప్రభ రాగానే మిగతా దేవుళ్ళ ప్రభలన్నీ ఒకసారి పైకి లేపి మర్యాద చేస్తారు. దేవుళ్ళలోనూ పెద్దరికముంది. కానీ ఆయనా అదే మట్టిలో, అందరూ చూస్తుండగానే వస్తాడు. చాటుగేటు లేదు.

కిందటి పండక్కి మనవణ్ణి అక్కడికి తీసుకెళ్ళాను. ఎండలో కాలవగట్టున వాడు ఎంతసేపు నిలబడ్డాడో చూడండి, ఫోను తియ్యలేదు, "ఇంకెంతసేపు?" అనలేదు. ఎవరో తేగ ఇస్తే నమిలాడు. నా భుజమెక్కి చూస్తానన్నాడు, నాకా ఓపికేది, పక్కూరి కుర్రాడెవరో ఎత్తుకున్నాడు. ఓపిక ఈ తరానికి లేదని నేనెప్పుడూ అనలేదు. ఓపికంతా ఎవడికో అద్దెకిస్తున్నారనే నా బాధ. అదే మనవడు తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో పంటు పది నిమిషాలు ఆలస్యమైతే, "తాతయ్యా, చించినాడ బ్రిడ్జి మీంచి పోదాం" అని ప్రాణం తీశాడు.

ఇప్పుడు బ్రిడ్జీలొచ్చాయి, కాదనను. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగిగారి పేరున్న వంతెన, చించినాడ దగ్గర వసిష్ఠ మీద ఒకటి, బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద ఒకటి. ప్రాణాలు నిలబెట్టిన వంతెనలవి. ఒకప్పుడు రాత్రివేళ రేవులో పంటు లేక పురుటి మనిషి ఒడ్డునే కష్టపడ్డ రోజులు చూసినవాణ్ణి, రేవులు మళ్ళీ రావాలని అనేంత వెర్రివాణ్ణి కాను. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య మాత్రం శంకుస్థాపనలే గాని వంతెన కనపడలేదు. అక్కడ ఇవాళ్టికీ పంటే.

ఇంతకీ ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2027లో గోదావరి పుష్కరాలు. 2015 జులై 14న, మొదటిరోజే రాజమండ్రి పుష్కరఘాట్‌లో తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. ఈసారి కోటిపల్లి, ముక్తేశ్వరం, అప్పనపల్లి, అంతర్వేది రేవులకి ఎంత జనం వస్తారో ఊహించుకోండి. ఏర్పాట్లు చేసే అయ్యలకి ఒక ముసలి లెక్కల మాస్టారి మనవి. పార్కుల నుంచి నేర్చుకోవాలంటే ఆ మొదటి బోర్డు నేర్చుకోండి: ఇక్కణ్ణించి ఇంతసేపు పడుతుందని పెద్దక్షరాలతో రాసి, అరగంటకోసారి మార్చండి. ముందున్న జనం వెనకవాళ్ళకి కనపడేలా బారు కట్టించండి. మంచినీళ్ళు లైను బయట కాదు, లోపల పెట్టండి. రెండో గేటు పెట్టకండి. పెట్టక తప్పదంటారా, అయితే మా లైనులో అక్కడక్కడా నాలుగు బల్లలైనా వేయించండి.